ఓపెన్ సోర్స్ థీమ్‌ను క్లయింట్ కోసం మలచడం: లైసెన్సు చదవడం నుంచి అప్పగింత వరకు

ఉచితంగా దొరికే థీమ్‌కు (సైట్ రూపాన్ని నిర్ణయించే ఫైళ్ల కట్టకు) తాను డబ్బు ఎందుకు చెల్లించాలని క్లయింట్ అడిగితే, ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి మన దగ్గర సూటి సమాధానం ఉండాలి. అందరికీ పనికివచ్చేలా ఎవరో రాసిన కోడ్‌ను ఆయన వ్యాపారానికి, ఆయన భాషకు, ఆయన దగ్గర కొనేవారి ఫోన్లకు సరిపోయేలా మలచడం మన పని. రెండేళ్ల తరువాత థీమ్ కొత్త వెర్షన్ వచ్చినా, ఆ సైట్‌ను మన బదులు మరొకరు చూసుకోవలసి వచ్చినా, మన మార్పులు చెదరకుండా నిలవాలి. ఆయన చెల్లించే సొమ్ము ఈ నిలకడకు.

ఈ మార్గదర్శిలో వర్డ్‌ప్రెస్ అనే వెబ్‌సైట్ సాఫ్ట్‌వేర్‌కు చెందిన థీమ్‌ను తీసుకుంటున్నాను. ఉదాహరణ కోసం తూర్పు గోదావరి జిల్లా కడియం పరిసరాల్లోని ఒక నర్సరీకి సైట్ చేస్తున్నామని అనుకుందాం. వందల రకాల మొక్కలు, వాటి ఫోటోలు, తెలుగు పేర్లు, ఫోన్ చేసి ధర అడిగే కొనుగోలుదారులు, కంప్యూటర్ ముందు కూర్చునే తీరిక లేని యజమాని: మన పని ఈ పరిస్థితుల మధ్య జరగాలి. చదువుతున్నవారికి హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ బాగా, పీహెచ్‌పీ కొద్దిగా తెలుసని భావిస్తున్నాను.

అడుగు 1: థీమ్‌ను ఎంచుకోవడం, దాని లైసెన్సును చదవడం

థీమ్ డెమో పేజీ అందంగా ఉండటం ఎంపికకు చివరి కారణం కావాలి. డెమోలోని ఫోటోలు ఎవరో వృత్తి ఛాయాగ్రాహకుడు తీసినవి. మన క్లయింట్ ఫోటోలు మధ్యాహ్నపు ఎండలో ఫోన్‌తో తీసినవి. అందుచేత డెమోను చూసేటప్పుడు ఫోటోలను మనసులోనే తీసివేసి, మిగిలిన అమరిక నిలబడుతుందో లేదో చూడాలి. ఆ తరువాత థీమ్ చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో, ఏ పీహెచ్‌పీ వెర్షన్‌ను కోరుతుందో, సహాయ వేదికలో ప్రశ్నలకు జవాబులు వస్తున్నాయో లేదో పరిశీలించాలి. మన ఉదాహరణకు 2024 నవంబరులో వర్డ్‌ప్రెస్ 6.7తో పాటు వచ్చిన ట్వంటీ ట్వంటీ-ఫైవ్‌ను పేరెంట్ థీమ్‌గా, అంటే మన మార్పులకు ఆధారమయ్యే అసలు థీమ్‌గా తీసుకుందాం. ఇది బ్లాక్ థీమ్, అంటే పేజీని బ్లాకులనే ముక్కలతో కూర్చే థీమ్. పాత పద్ధతిలో పీహెచ్‌పీ టెంప్లేట్లతో (పేజీ అమరికను చెప్పే ఫైళ్లతో) నడిచే క్లాసిక్ థీమ్‌లలో పని ఎక్కడ వేరుగా ఉంటుందో సందర్భాన్ని బట్టి చెబుతాను.

వర్డ్‌ప్రెస్ అధికారిక భాండాగారంలో ఉండే థీమ్‌లన్నీ, వాటిలోని చిత్రాలు, ఫాంట్లతో సహా, జీపీఎల్‌కు (కోడ్‌ను స్వేచ్ఛగా వాడి, మార్చి, పంచుకోనిచ్చే లైసెన్సుకు) అనుకూలమైన లైసెన్సు కిందే ఉండాలన్నది అక్కడి నియమం. బయటి అమ్మకపు వేదికల్లో దొరికే థీమ్‌ల విషయం వేరు. కొన్నింటిలో పీహెచ్‌పీ కోడ్ మాత్రమే జీపీఎల్ కింద ఉండి, సీఎస్ఎస్, చిత్రాలు అమ్మకందారు సొంత లైసెన్సు కింద ఉంటాయి. డబ్బు పెట్టి కొనవలసిన థీమ్‌ను ఉచితంగా ఇస్తామనే సైట్ల నుంచి మాత్రం ఎన్నడూ దించుకోవద్దు. అలాంటి కాపీల్లో హానికరమైన కోడ్‌ను దాచిపెట్టడం తరచుగా జరిగేదే. ఆ నష్టం మనకు కాక, మనల్ని నమ్మిన వ్యాపారికి తగులుతుంది.

జీపీఎల్ రెండవ వెర్షన్ 1991 నాటిది. మన పనికి సంబంధించినంత వరకు అందులో తెలుసుకోవలసిన విషయాలు కొన్నే. థీమ్‌ను మార్చడానికి, ఆ పనికి రుసుము తీసుకోవడానికి పూర్తి స్వేచ్ఛ ఉంది. ఫైళ్లలోని కాపీరైట్ ప్రకటనలను తొలగించకూడదు. ఏదైనా ఫైలును మార్చి ఇస్తే, మార్చిన సంగతి, తేదీ ఆ ఫైలులోనే కనిపించేలా రాయాలి. మన చేతి నుంచి కోడ్ అందుకున్న క్లయింట్‌కు అవే హక్కులు దక్కుతాయి కనుక, దీన్ని మరెవరికీ ఇవ్వరాదని మనం షరతు పెట్టలేము. అలాగని ఆ కోడ్‌ను లోకానికి విడుదల చేయవలసిన బాధ్యత క్లయింట్‌కు లేదు. పేజీ అడుగున కనిపించే థీమ్ పేరు, లింకు తీసివేయడానికి జీపీఎల్ అడ్డు చెప్పదు. పేరు చెప్పడాన్ని తప్పనిసరి చేసే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వచ్చిన టెంప్లేట్లలో మాత్రం ఆ వరుస ఉంచి తీరాలి. ఈ తేడా తెలియక అడుగు వరుసను అలవాటుగా చెరిపేసేవారు చాలామంది ఉన్నారు.

అడుగు 2: కాగితం మీద ఒప్పందం

చాలా గొడవలకు మూలం కోడ్‌లో ఉండదు, పని ఎక్కడితో ముగుస్తుందో ఎవరూ రాసుకోకపోవడంలో ఉంటుంది. పేజీల సంఖ్య, మార్పుల విడతలు ఎన్ని, మొక్కల వివరాలు ఎవరు టైపు చేస్తారు, ఫోటోలు ఎవరు ఇస్తారు, ఎప్పటిలోగా ఇస్తారు, అడ్వాన్సు ఎంత, మిగిలింది ఏ దశలో ఎంత: ఇవన్నీ ఒకటి రెండు పేజీల్లో రాసి ఇద్దరూ సంతకం చేయాలి. సమాచారం ఇవ్వడంలో క్లయింట్ ఆలస్యం చేస్తే గడువు కూడా అన్ని రోజులు జరుగుతుందన్న వాక్యం తప్పకుండా ఉండాలి. మీకు జీఎస్టీ నమోదు ఉంటే పన్నును కొటేషన్‌లో విడిగా చూపాలి. సేవల టర్నోవర్ ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటితే తెలుగు రాష్ట్రాల్లో ఆ నమోదు తప్పనిసరి అన్న సంగతి గుర్తుంచుకోవాలి.

కాపీరైట్ గురించి స్పష్టత అవసరం. మన దేశపు 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగిగా కాక స్వతంత్రంగా పని చేసే వ్యక్తి రాసిన కోడ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, రాసినవారే మొదటి యజమాని. డబ్బు చెల్లించినంత మాత్రాన ఆ హక్కు క్లయింట్‌కు పోదు. బదిలీ లిఖితపూర్వకంగా, సంతకంతో జరగాలి. అందులో కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికి మాత్రమే పరిమితమైనదిగా చట్టం భావిస్తుంది. ఎక్కువమంది క్లయింట్లకు ఈ విషయం తెలియదు. వారికి తెలియకపోవడాన్ని మనం లాభంగా మార్చుకోకూడదు. నేను రాసే ఒప్పందంలో, మేము రాసే కోడ్ జీపీఎల్ కింద అందుతుందని, లోగో, ఫోటోలు, రాతలు పూర్తిగా క్లయింట్‌వేనని విడివిడిగా చెబుతాను.

డొమైన్, హోస్టింగ్ ఖాతాలు మొదటి రోజు నుంచే క్లయింట్ పేరు మీద, క్లయింట్ ఈమెయిల్‌తో, క్లయింట్ చెల్లింపుతో ఉండాలి. మన పేరు మీద తీసుకుని తరువాత మార్చుదామనుకోవడం సౌకర్యంగా కనిపిస్తుంది గానీ, ఒక వ్యాపారి దుకాణం తాళాలు మన జేబులో ఉండటం సరికాదు.

అడుగు 3: పని స్థలం

నడుస్తున్న సైట్ మీద ఎన్నడూ పని చేయవద్దు. మన కంప్యూటర్‌లో లోకల్, ఎక్స్ఏఎంపీపీ అనే సాధనాల్లో ఒకదానితో వర్డ్‌ప్రెస్‌ను నెలకొల్పి, హోస్టింగ్‌లో ఉన్న పీహెచ్‌పీ వెర్షన్‌నే ఇక్కడా ఉంచాలి. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో రెండు ఫోల్డర్లను మాత్రమే పెట్టాలి: మనం రాయబోయే చైల్డ్ థీమ్ (పేరెంట్ మీద ఆధారపడి, మన మార్పులను విడిగా ఉంచే థీమ్), మనం రాయబోయే చిన్న ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు అదనపు పనిని జోడించే కోడ్). పేరెంట్ థీమ్ ఏ వెర్షన్‌తో పని మొదలైందో మొదటి కమిట్ (గిట్‌లో మార్పుల నమోదు) సందేశంలోనే రాసి ఉంచితే, ఏడాది తరువాత తేడాలు పోల్చేటప్పుడు ఆ ఒక్క వరుస ఎంతో శ్రమను తప్పిస్తుంది.

అడుగు 4: చైల్డ్ థీమ్

ఈ మార్గదర్శి మొత్తానికి ఆధారమైన నియమం ఇది: పేరెంట్ థీమ్ ఫోల్డర్‌లో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. వృత్తిలో కొత్తగా ఉన్న రోజుల్లో, చిన్న మార్పే కదా అని నేను పేరెంట్ థీమ్ ఫైళ్లలోనే రంగులు, హెడర్ దిద్ది అప్పగించాను. కొన్ని నెలల తరువాత, పండుగ అమ్మకాల ముందు రోజు, డాష్‌బోర్డులో కనిపించిన అప్‌డేట్ బటన్‌ను యజమాని నొక్కారు. అది నొక్కవలసిన బటనే, ఆయన చేసిన దానిలో తప్పు లేదు. నా పని మొత్తం ఒక్క క్షణంలో చెరిగిపోయింది. బ్యాకప్ నుంచి తిరిగి నిలబెట్టేసరికి రాత్రి గడిచింది. ఆ తప్పు పూర్తిగా నాది.

చైల్డ్ థీమ్‌కు ఒక ఫోల్డర్, అందులో స్టైల్.సీఎస్ఎస్ అనే ఫైలు ఉంటే చాలు. ఆ ఫైలు పైభాగంలోని వ్యాఖ్యలో థీమ్ నేమ్ వరుసలో మన థీమ్ పేరు, టెంప్లేట్ వరుసలో పేరెంట్ ఫోల్డర్ పేరు రాయాలి. ఈ రెండవదే కీలకం. అక్కడ రాయవలసింది థీమ్ ప్రదర్శన పేరు కాదు, ఫోల్డర్ పేరు. పెద్ద, చిన్న అక్షరాల తేడా విండోస్ కంప్యూటర్‌లో పట్టింపుకు రాకపోయినా లినక్స్ సర్వర్‌లో సైట్‌ను ఆపేస్తుంది కనుక, ఉన్నది ఉన్నట్లుగా రాయాలి. మన ఫోల్డర్‌కు ఇంకెవరూ పెట్టని పేరు పెట్టి, అప్‌డేట్ యూఆర్ఐ వరుసలో క్లయింట్ సైట్ చిరునామా రాయడం మంచిది. భాండాగారంలో అదే పేరుతో వేరే థీమ్ ఉన్నా దాని అప్‌డేట్ వచ్చి మనదాన్ని కప్పేయకుండా వర్డ్‌ప్రెస్ 6.1 నుంచి ఈ వరుస కాపాడుతుంది.

తరువాత ఫంక్షన్స్.పీహెచ్‌పీ. టెంప్లేట్ల విషయంలో చైల్డ్ ఫైలు పేరెంట్ ఫైలు స్థానాన్ని ఆక్రమిస్తుంది. ఈ ఫైలు మాత్రం అలా కాదు: రెండూ నడుస్తాయి, చైల్డ్‌ది ముందు నడుస్తుంది. దీని వల్ల ఒక చిక్కు వస్తుంది. పేరెంట్ తగిలించిన హుక్‌ను (వర్డ్‌ప్రెస్ నడకలోని ఒక దశకు ఫంక్షన్‌ను తగిలించే ఏర్పాటును) తీసివేయాలని మన ఫైలులో నేరుగా రాస్తే అది పని చేయదు, ఎందుకంటే ఆ క్షణానికి పేరెంట్ దాన్ని ఇంకా తగిలించలేదు. తీసివేసే ఆజ్ఞను ఆఫ్టర్ సెటప్ థీమ్ వంటి తరువాతి దశకు, పేరెంట్ కంటే ఎక్కువ ప్రాధాన్య సంఖ్యతో జోడించాలి. తగిలించేటప్పుడు పేరెంట్ వాడిన ప్రాధాన్య సంఖ్యనే తీసివేసేటప్పుడూ ఇవ్వాలి. మన ఫంక్షన్ల పేర్లన్నిటికీ క్లయింట్ పేరు నుంచి తీసుకున్న ఒక పొట్టి ఉపసర్గ తగిలిస్తే మరే ప్లగిన్‌తోనూ ఢీకొనవు.

స్టైల్‌షీటును జోడించేటప్పుడు, పేరెంట్ తన షీటును ఎలా పిలుస్తుందో ముందుగా చూడాలి. కొన్ని థీమ్‌లు ప్రస్తుతం నడుస్తున్న థీమ్ షీటును పిలుస్తాయి. అప్పుడు మన షీటు దానంతట అదే వస్తుంది గానీ పేరెంట్ షీటు రాదు, దాన్ని మనం జోడించాలి. కొన్ని తమ ఫోల్డర్‌లోని షీటునే పిలుస్తాయి. అప్పుడు మనది జోడించాలి. ఇది చూడకుండా ఎక్కడో దొరికిన నాలుగు వరుసలను అతికిస్తే ఒకే షీటు రెండుసార్లు దిగుతుంది. షీటుకు వెర్షన్‌గా ఫైలు మారిన సమయాన్ని ఇస్తే, మనం మార్పు చేసిన ప్రతిసారీ చూసేవారి ఫోన్లో పాత కాపీ కాక కొత్తది తెరుచుకుంటుంది.

చైల్డ్ థీమ్‌ను చివరలో కాక మొదటే యాక్టివేట్ చేయాలి. క్లాసిక్ థీమ్‌లలో కస్టమైజర్ (థీమ్ రూపాన్ని మార్చే తెర) ద్వారా పెట్టిన రంగులు, అమరికలు, అదనపు సీఎస్ఎస్ థీమ్ పేరుతో ముడిపడి డేటాబేస్‌లో నిలుస్తాయి. పేరెంట్ మీద గంటల తరబడి అమర్చి, ఆ తరువాత చైల్డ్‌కు మారితే అవేవీ వెంట రావు.

అడుగు 5: రంగులు, కొలతలు, డేటాబేస్ అనే రెండవ చోటు

బ్లాక్ థీమ్‌లో రంగులు, ఫాంట్ల పరిమాణాలు, ఎడాలు థీమ్.జేసన్ అనే ఫైలులో ఉంటాయి. 2021లో వర్డ్‌ప్రెస్ 5.8తో వచ్చిన ఏర్పాటు ఇది. చైల్డ్ థీమ్‌లో అదే పేరుతో ఫైలు పెట్టి, మారవలసిన విలువలు మాత్రమే రాస్తే చాలు, మిగిలినవి పేరెంట్ నుంచి వస్తాయి. రంగుల పలక మాత్రం దీనికి మినహాయింపు. అది జాబితా కనుక, ఒక్క రంగు మార్చాలన్నా పలకను పూర్తిగా తిరిగి రాయాలి. ట్వంటీ ట్వంటీ-ఫైవ్ తన రంగులను బేస్, కాంట్రాస్ట్, యాక్సెంట్-1, యాక్సెంట్-2 వంటి పేర్లతో పిలుస్తుంది. మనం విలువలు మార్చి ఆ పేర్లను అలాగే ఉంచాలి. ఆకుపచ్చకు ఆకుపచ్చ అనే పేరే పెట్టాలన్న కోరికతో పాత పేర్లను తీసివేస్తే, పేరెంట్ టెంప్లేట్లలో ఆ పేర్లను అడిగే చోట్లన్నీ రంగు కోల్పోతాయి.

నర్సరీ యజమాని లేత ఆకుపచ్చ మీద తెల్లని అక్షరాలు కావాలని అడగవచ్చు. సాధారణ పరిమాణంలోని అక్షరాలకు, వెనుకటి రంగుకు మధ్య వెలుగు నిష్పత్తి కనీసం 4.5కు 1, పెద్ద అక్షరాలకు 3కు 1 ఉండాలని, సైట్లను అందరూ చదవగలిగేలా చేసేందుకు ఉన్న డబ్ల్యూసీఏజీ ప్రమాణం చెబుతుంది. వాదనకు దిగే కన్నా, ఫోన్‌ను ఎండలోకి తీసుకువెళ్లి ఆయన చేతికి ఇచ్చి చదవమనడం మేలు. ఆయన గిరాకీ సగం ఆ ఎండలోనే నిలబడి ఆ పేజీని చూస్తుంది.

బ్లాక్ థీమ్‌లలో నన్ను ఎక్కువగా జాగ్రత్తపడేలా చేసే విషయం ఒకటుంది. సైట్ ఎడిటర్‌లో (డాష్‌బోర్డు నుంచే టెంప్లేట్లు మార్చే తెరలో) చేసే ఏ మార్పూ ఫైలులోకి వెళ్లదు, డేటాబేస్‌లో నిలుస్తుంది. ఒకే టెంప్లేట్‌కు ఫైలులో ఒక రూపం, డేటాబేస్‌లో ఒక రూపం ఉంటే నెగ్గేది డేటాబేస్ రూపమే. అప్పుడు మనం ఫైలులో ఎన్ని మార్పులు చేసి పంపినా సైట్‌లో ఏమీ కదలదు, కారణం తెలియక గంటలు పోతాయి. అందుకే ఒక క్రమం పాటించాలి. ఎడిటర్‌లో ప్రయోగాలు మన కంప్యూటర్‌లోనే చేయాలి. నచ్చిన రూపాన్ని క్రియేట్ బ్లాక్ థీమ్ అనే ప్లగిన్‌తో చైల్డ్ థీమ్ ఫైళ్లలోకి దించాలి. డేటాబేస్‌లోని కాపీని రీసెట్ చేసి, సైట్ ఫైళ్ల మీదే సరిగా నడుస్తోందని నిర్ధారించుకున్న తరువాతే కమిట్ చేయాలి.

అడుగు 6: తెలుగు అక్షరాలకు తగిన థీమ్

ప్రసిద్ధ థీమ్‌లు చాలా వరకు లాటిన్ అక్షరాల కొలతలతో రూపుదిద్దుకున్నవి. తెలుగు అక్షరానికి పైన గుడి, తలకట్టు ఉంటాయి, కింద వత్తులు ఉంటాయి. 1.2 వంటి ఇరుకైన వరుస ఎత్తుతో పెట్టిన శీర్షికలో పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకుతాయి. పేరాలకు 1.7 దరిదాపుల్లో, శీర్షికలకు 1.4కు తగ్గకుండా వరుస ఎత్తు ఇవ్వడం నాకు అనుభవం మీద సరిపోయిన కొలత. స్థిరమైన ఎత్తు ఇచ్చి పొంగినదాన్ని దాచే బటన్లు, మెనూ పట్టీలు వత్తులను కోసేస్తాయి. అక్కడ ఎత్తుకు బదులు పైనా కిందా ఎడం ఇవ్వాలి. పరీక్షకు విష్ణుక్రాంత, రుద్రాక్ష, కృష్ణ తులసి వంటి మొక్కల పేర్లనే వాడండి. మల్లె, జామ అని రాసి చూస్తే ఏ లోపమూ బయటపడదు.

అక్షరాల మధ్య ఎడం పెంచే నియమం ఇంగ్లీషు మెనూలకు సొగసునిస్తుంది గానీ తెలుగు పదాన్ని ముక్కలు చేస్తుంది. భాషను బట్టి ఆ నియమాన్ని సున్నా చేయాలి. పేరా మొదటి అక్షరాన్ని పెద్దది చేసే అలంకారాన్ని సంయుక్తాక్షరాలతో వేర్వేరు బ్రౌజర్లలో పరీక్షించకుండా వాడవద్దు. ఇవన్నీ పని చేయాలంటే పేజీ భాష తెలుగు అని కోడ్‌లో ప్రకటించి ఉండాలి. చదివి వినిపించే సాధనాలకు కూడా అదే ఆధారం.

ఫాంటు విషయానికి వస్తే, సిలికానాంధ్ర చొరవతో వెలువడిన మండలి, రామభద్ర, సురన్న వంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద లభిస్తాయి కనుక క్లయింట్ సైట్‌లో నిశ్చింతగా వాడవచ్చు. మండలి, రామభద్రలకు ఒకే మందం ఉంది. బొద్దు అక్షరాలు కావాలంటే బ్రౌజర్ వాటిని కృత్రిమంగా లావు చేస్తుంది, వత్తుల దగ్గర సందులు పూడిపోతాయి. అందుచేత పేరాలకు పలు మందాలు ఉన్న నోటో సాన్స్ తెలుగును, పెద్ద శీర్షికకు మాత్రం రామభద్రను వాడమని నా సలహా. ఫాంటు ఫైళ్లను బయటి సర్వర్ నుంచి పిలవకుండా చైల్డ్ థీమ్‌లోనే ఉంచి, లైసెన్సు ఫైలును వాటి పక్కనే పెట్టాలి. జర్మనీలో క్లయింట్ ఉన్న తెలుగువారు దీన్ని మరింత పట్టించుకోవాలి. గూగుల్ ఫాంట్లను బయటి నుంచి పిలిచి చూసేవారి ఐపీ చిరునామాను పంపినందుకు మ్యూనిక్ న్యాయస్థానం 2022 జనవరిలో ఒక సైట్ యజమానికి 100 యూరోల పరిహారం విధించింది.

మరొక చిక్కు పేజీ చిరునామాలది. వర్డ్‌ప్రెస్ శీర్షికనే చిరునామాగా మార్చుకుంటుంది. ఒక్కో తెలుగు సంకేతం యూటీఎఫ్-8లో 3 బైట్లు, చిరునామాలో 9 అక్షరాలు అవుతుంది. విష్ణుక్రాంత అనే ఒక్క పదంలో గుణింతాలు, పొల్లులు కలిపి 12 సంకేతాలు ఉంటే, చిరునామాలో అది 108 అక్షరాలు ఆక్రమిస్తుంది. డేటాబేస్‌లో దీనికి కేటాయించిన చోటు 200 అక్షరాలే కనుక, సుమారు 22 సంకేతాల దగ్గర చిరునామా తెగిపోతుంది. వాట్సాప్‌లో పంపితే కూడా అది శాతం గుర్తుల గొలుసుగా కనిపించవచ్చు. ప్రతి పేజీకి ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టి స్లగ్‌ను (చిరునామాలో ఆ పేజీ పేరును) చేత్తో ఇవ్వడం మేలు.

అడుగు 7: టెంప్లేట్లను ఎంత తక్కువగా కాపీ చేస్తే అంత మంచిది

మొక్క పేజీ అమరిక మారాలంటే పేరెంట్‌లోని టెంప్లేట్‌ను అదే పేరుతో, అదే ఉప ఫోల్డర్‌లో చైల్డ్‌లోకి కాపీ చేసి మార్చవచ్చు. ఇది సులువైన దారి కనుకే ప్రమాదకరం. కాపీ చేసిన క్షణం నుంచి ఆ ఫైలు బాగోగులు మనవి. పేరెంట్‌లో ఆ ఫైలుకు వచ్చే భద్రతా సవరణలు మనకు చేరవు. కాబట్టి ముందుగా సీఎస్ఎస్‌తో సాధ్యమేమో, తరువాత హుక్‌తో సాధ్యమేమో చూసి, రెండూ కుదరనప్పుడే కాపీకి దిగాలి. కాపీ చేసిన ప్రతి ఫైలు పైన అది పేరెంట్ ఏ వెర్షన్ నుంచి వచ్చింది, మనం ఏమి మార్చాము, ఏ తేదీన అని రాయాలి. లైసెన్సు కోరేదీ ఇదే, మన అవసరమూ ఇదే. క్లయింట్ వూకామర్స్ అనే ఆన్‌లైన్ అమ్మకాల ప్లగిన్ వాడుతుంటే, పాతబడిన కాపీలను దాని స్టేటస్ పేజీ చూపిస్తుంది.

అడుగు 8: సమాచారం థీమ్‌లో ఉండకూడదు

మొక్కల జాబితాకు ప్రత్యేక పోస్ట్ రకం కావాలి: తెలుగు పేరు, శాస్త్రీయ నామం, ఎత్తు, కవరు పరిమాణం, ఎండ కావాలా నీడ కావాలా అనే వివరం. దీన్ని ఫంక్షన్స్.పీహెచ్‌పీలో రాస్తే పని జరుగుతుంది గానీ, రేపు క్లయింట్ వేరే థీమ్‌కు మారగానే మొక్కలన్నీ డాష్‌బోర్డు నుంచి మాయమవుతాయి. డేటాబేస్‌లో ఉన్నా, చూపించేవారు ఉండరు. పోస్ట్ రకాలు, ఫారాలు, ధరల లెక్కలు వంటివి చిన్న ప్లగిన్‌గా రాసి, కనిపించే తీరును మాత్రమే థీమ్‌కు వదిలేయాలి. మన తరువాత వచ్చేవారికి మనం చేయగల గొప్ప ఉపకారం ఈ విభజనే అని నమ్ముతాను.

అడుగు 9: పరీక్ష

ఇంట్లోని వైఫై మీద, కొత్త ఫోన్లో చూసి తృప్తిపడవద్దు. తెర మీది అతిపెద్ద అంశం కనిపించే సమయం 2.5 సెకన్లు, తాకిడికి స్పందన 200 మిల్లీసెకన్లు, పేజీ కదలిక స్కోరు 0.1 మించకూడదన్నవి గూగుల్ ఇచ్చే హద్దులు. నర్సరీ సైట్‌లో వీటిని చెడగొట్టేవి ఫోటోలే. 2560 పిక్సెళ్లు దాటిన ఫోటోను వర్డ్‌ప్రెస్ తానే కుదిస్తుంది గానీ, మొక్కల గళ్లలో చూపేందుకు అంత పెద్దది కూడా అనవసరం. గడి కొలతకు సరిపోయే చిత్ర పరిమాణాన్ని నమోదు చేసి దాన్నే పిలవాలి. మొదటి తెరలోని పెద్ద చిత్రానికి ఆలస్యంగా దించే ఏర్పాటు వర్తించకుండా చూడాలి. మౌస్ లేకుండా కీబోర్డుతోనే మెనూ తెరిచి, ఫారం నింపి పంపడం సాధ్యమో కాదో ఒకసారి చేసి చూడాలి.

అడుగు 10: సైట్‌ను సర్వర్‌కు ఎక్కించడం

ముందుగా పూర్తి బ్యాకప్ తీసి, దాన్ని తిరిగి తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోకూడదు. డేటాబేస్‌లోని పాత చిరునామాలను కొత్తవాటిగా మార్చేటప్పుడు మామూలు వెతుకు, మార్చు పద్ధతి వాడవద్దు. వర్డ్‌ప్రెస్ చాలా సెట్టింగులను పదం పొడవుతో సహా దాచుకుంటుంది కనుక, పొడవు మారితే ఆ సెట్టింగు చదవడానికి వీల్లేకుండా పోతుంది. వర్డ్‌ప్రెస్‌ను ఆజ్ఞలతో నడిపే డబ్ల్యూపీ-సీఎల్ఐ సాధనంలోని సెర్చ్-రీప్లేస్ ఆజ్ఞ ఆ పొడవులను కూడా సరిచేస్తుంది. చివరగా రీడింగ్ సెట్టింగుల్లో సెర్చ్ ఇంజన్లను రావద్దనే గడిలో టిక్కు తీసివేయాలి. ఇది మరచిపోతే నెలల తరబడి ఆ నర్సరీ పేరు గూగుల్‌లో కనిపించకుండా ఉండిపోతుంది.

అడుగు 11: అప్పగింత

యజమానికి అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఇవ్వాలి, అది ఆయన హక్కు. దానితో పాటు రోజువారీ పనికి ఎడిటర్ స్థాయి ఖాతా ఒకటి విడిగా ఇచ్చి, మొక్కలు చేర్చే అబ్బాయికి ఆ రెండవదే చెప్పాలి. ఎడిటర్ స్థాయికి సైట్ ఎడిటర్ తెరుచుకోదు కనుక, పొరపాటున టెంప్లేట్ మారి డేటాబేస్‌లో నిలిచిపోయే ప్రమాదం తప్పుతుంది. కొత్త మొక్కను చేర్చడం, ధర మార్చడం, ఫోటో ఎలా తీయాలి అన్న మూడు విషయాలను తెర చిత్రాలతో తెలుగులో రాసి, ముద్రించి ఇవ్వండి. మీ ఎదుటే వారి చేత రెండు మొక్కలు చేర్పించి చూస్తే, మీ ఫారంలో ఏ గడి అర్థం కావడం లేదో అప్పుడే తెలుస్తుంది.

సాంకేతికంగా అప్పగించవలసింది: గిట్ భాండారం, ఖాతాల జాబితా, పేరెంట్ థీమ్ వెర్షన్, కాపీ చేసిన టెంప్లేట్ల పట్టిక, ఫాంట్లు, చిత్రాల లైసెన్సు వివరాలు. జీపీఎల్ కోడ్‌కు ఎలాంటి హామీ ఉండదు. అయితే రుసుము తీసుకుని హామీ ఇవ్వడానికి ఆ లైసెన్సే అనుమతిస్తుంది. నెలవారీ నిర్వహణ ఒప్పందానికి ఆధారం అదే. అందులో ఏమేమి చేస్తారో స్పష్టంగా రాయాలి. నేను రాసేది ఇది: పేరెంట్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ముందుగా మన కంప్యూటర్‌లోని కాపీలో అప్‌డేట్ చేస్తాము. మేము కాపీ చేసిన ప్రతి టెంప్లేట్‌కు, పేరెంట్ పాత రూపానికి కొత్త రూపానికి మధ్య తేడాను చూసి, అవసరమైన సవరణను మా కాపీలోకి తెస్తాము. మొదటి పేజీ, ఒక మొక్క పేజీ, వెతుకులాట, సంప్రదింపు ఫారం ఫోన్లో చూసిన తరువాతే అసలు సైట్‌కు పంపుతాము.

పేరెంట్ థీమ్ నిర్వహణే ఆగిపోయే సందర్భం కూడా వస్తుంది. రెండేళ్లకు పైగా అప్‌డేట్ లేని థీమ్ పేజీ మీద భాండాగారం హెచ్చరిక చూపుతుంది. అప్పుడు రెండు దారులు ఉన్నాయి. సమాచారం ప్లగిన్‌లో భద్రంగా ఉంది కనుక కొత్త పేరెంట్‌కు మారవచ్చు. లేదా పేరెంట్, చైల్డ్ రెండింటినీ కలిపి, పేరు మార్చి, పాత రచయితల కాపీరైట్ ప్రకటనలను అలాగే ఉంచి, ఒకే స్వతంత్ర థీమ్‌గా మనమే నిర్వహించవచ్చు. జీపీఎల్ ఈ దారిని మూయదు. రెండవ దారిలో పేరెంట్ కోడ్ మొత్తం భద్రత ఇకపై మన బాధ్యత అవుతుంది కనుక, దాన్ని నెలవారీ రుసుములో కలపకుండా కొత్త పనిగా కొటేషన్ ఇచ్చి, క్లయింట్ ఒప్పుకున్న తరువాతే మొదలుపెట్టాలి.